మేడ మీద రౌటర్, అక్క జవాబు

ఆయుధపూజ నాడు మా ఇంట్లో బొట్టు పెట్టించుకోని యంత్రం ఉండదు. రొయ్యల గుంటల దగ్గరి మోటార్లు, స్టార్టర్ పెట్టె, మా ఆయన బండి, అక్క కుట్టుమిషను, ఆఖరికి మిక్సీ కూడా పసుపు కుంకుమలతో కళకళలాడాల్సిందే. కొన్నేళ్ళుగా ఆ వరసలోకి రెండు ప్లాస్టిక్ డబ్బాలు వచ్చి చేరాయి. ఒకటి హాల్లో ఉన్న రౌటర్, ఇంకొకటి మేడ మీద ఉన్న రౌటర్. మొదటిసారి నేను వాటికి బొట్టు పెడుతుంటే మా ఆయన పడీపడీ నవ్వాడు. నవ్వితే నవ్వనీ, నాకేం. వాటివల్ల మా ఇంటికి జరిగిన మేలు తలుచుకుంటే నాకు ఇప్పటికీ కళ్ళు చెమరుస్తాయి. ఆ సంగతే రాస్తున్నాను.

తోటపల్లి గూడూరు దాటి సముద్రం వైపు వస్తే ఊరి చివర మా ఇల్లు. ఇంటి వెనకే మా గుంటలు. అక్క నాకంటే పెద్దది. పుట్టుకతోనే వినపడదు, అందుకని మాటా రాలేదు. ఆ రోజుల్లో ఆమెను బడికి పంపాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. అమ్మా, నేనూ, అక్కా కలిసి చేతులతో మాకు మేమే ఒక భాష కల్పించుకున్నాం. అందులో నా పేరు ముక్కుపుడక. ముక్కు పక్కన వేలు ఆనిస్తే నేను. మా ఆయన పేరు మీసం. ఆయన తిరుపతిలో మొక్కు తీర్చుకుని మళ్ళీ మీసం పెంచలేదు, అయినా ఆ పేరు మాత్రం పోలేదు. అమ్మ పోయాక అక్క తన మిషనుతో సహా మా ఇంటికి వచ్చేసింది. మేడ మీద గది ఆమెదే. ఆమె కుట్టిన జాకెట్టు వేసుకున్నవాళ్ళు ఇంకో దర్జీ దగ్గరికి వెళ్ళరు. ఇది నా అక్క అని చెప్పే గొప్ప కాదు, ఊళ్ళో ఎవరినైనా అడగండి.

బయటి లోకంతో అక్కకు మాట నేనే. ఆస్పత్రికి వెళ్తే ఆమె నొప్పి ఎక్కడో నేను చెప్పేదాన్ని. చుట్టాలు వస్తే అక్క ఎదురుగానే ఉన్నా, "మీ అక్క బాగుండాదా?" అని నా మొహం చూసి అడిగేవాళ్ళు. నేనూ ఠక్కున బాగుంది అనేసేదాన్ని. అది మాకు ఎంత అలవాటైపోయిందంటే, దాంట్లో వింత ఏముందో కూడా ఎవరికీ తోచేది కాదు.

దొరవారిసత్రంలో మా బంధువుల పెళ్ళిలో అక్కకు ఒకాయన పరిచయమయ్యాడు. వడ్రంగి. ఆయనకూ వినపడదు. భార్య చనిపోయి చాలా కాలమైంది, పిల్లల్లేరు, అన్న ఇంట్లో ఉంటున్నాడు. చిన్నప్పుడు బధిరుల బడిలో చదువుకున్నాడు కాబట్టి చేతుల భాష ఆయనకు పద్ధతిగా వచ్చు. పెళ్ళిలో ఇద్దరూ అన్నాల దగ్గర ఎదురెదురుగా కూర్చున్నారు. మేము తిని లేచినా వాళ్ళు లేవలేదు. ఆ తర్వాత రోజూ సాయంత్రం వీడియో కాల్. ఆయన అక్కకు కొత్త మాటలు నేర్పుతూ వచ్చాడు. నెలలు గడిచేకొద్దీ అక్క చేతుల్లో నేనెన్నడూ చూడని మాటలు తిరగసాగాయి. నాకు సంతోషమే, కాదనను. కానీ ఇన్నాళ్ళూ అక్కకు చెవీ నోరూ నేనే అనుకున్నదాన్ని, ఆ మాటల్లో సగం నాకే అర్థం కాకపోతే కడుపు మండదా?

చెవులున్న మనం ఫోన్లో మాట తెగితే హలో హలో అని నాలుగుసార్లు అరిచి ఊరుకుంటాం. వాళ్ళకు బొమ్మ ఆగిపోతే మాటే లేదు. మా ఊరి చివర టవర్ సిగ్నల్ ఒక్క గీతే వస్తుంది. దాంతో మాటలు నడుస్తాయి గానీ వీడియో నడవదు. హాల్లో రౌటర్ ఉందా అంటే ఉంది, దాని సిగ్నల్ శ్లాబు దాటి పైకి పోదు. అందుకని మా ఆయన మేడ మీద ఇంకో రౌటర్ పెట్టి, కింది రౌటర్ నుంచి వెంటిలేటర్ గుండా దానికి తీగ లాగాడు. తర్వాత అక్క వెలుతురు కోసం మిషనునూ, రౌటర్ బల్లనూ కిటికీ పక్కకు జరుపుకుంది. తీగ పొట్టిదైపోయింది. ఆయన ఇంకో పొడుగు తీగ తెచ్చి లాగాడు. పాతది తీసెయ్యమంటే, ఉండనీ, ఎప్పుడైనా పనికొస్తుంది అన్నాడు. ఆయన దృష్టిలో పనికిరాని వస్తువు భూమ్మీద లేదు. గుంటల దగ్గర షెడ్డు చూస్తే మీకే తెలుస్తుంది.

ఒక సాయంత్రం అక్క మేడ దిగి వచ్చి, కంచం ముందు కూర్చుని అన్నం కెలుకుతూ ఉండిపోయింది. ఏమైందని అడిగాను. ముందు చిత్రిక పట్టినట్టు చెయ్యి ఆడించింది, అది ఆ వడ్రంగి పేరు. తర్వాత తాళి కట్టినట్టు మెడ చుట్టూ వేలు తిప్పి, నన్ను అడిగాడు అని చెప్పింది. ఆయన అన్నగారు వేరే సంబంధం చూస్తున్నారట. ఆదివారం వెళ్ళి వాళ్ళకు మాటిచ్చి రావాలనుకుంటున్నారట. ఈయన మాత్రం, ముందు ఆమె జవాబు వినాలి, అంతవరకూ ఆగండి అని అన్నను ఆపాడట. రేపు సాయంత్రం చెబుతానని అక్క ఆయనతో అంది. నేను ఎంగిలి చేత్తోనే ఆమెను కావిలించుకున్నాను. ఏం చెబుతావని అడిగితే మాత్రం పెదవి విప్పలేదు, అంటే చెయ్యి కదపలేదు. ముందు ఆయనకే చెబుతానంది.

మర్నాడు పొద్దున్నే గది అంతా దులిపింది. కర్టెన్లు తీసి ఉతికింది, గుడ్డపీలికలు మూటగట్టి మంచం కిందికి తోసింది. సాయంత్రం తల దువ్వుకుని ఫోన్ ముందు కూర్చుంది. కాల్ పోలేదు. తెర మీద గుండ్రంగా తిరుగుతూనే ఉంది. రౌటర్ సిగ్నల్ చూస్తే నిండుగా ఉంది. మా ఆయన రౌటర్లు ఆపి మళ్ళీ వేశాడు. రెండు క్షణాలు ప్రాణం వచ్చినట్టే వచ్చి మళ్ళీ పోయింది. ఇంకోసారి ఆపి వేశాడు, ఇంకోసారీ అంతే. హాల్లోనూ లేదు, మేడ మీదా లేదు.

ఇక ఆయన కారణాలు వెతకడం మొదలుపెట్టాడు. గుంటల మోటార్ల వల్ల అన్నాడు. ఆ మోటార్లు మొన్నటి దాకా లేవా అని నేను అడిగాను. ఉప్పు గాలికి లోపల తుప్పు పట్టిందన్నాడు. మా వైపు ఆ మాట కొట్టిపారేయలేం, గేటు బందులు ఏడాది తిరక్కుండా ఊడిపోతాయి. కేబుల్ ఆఫీసుకు ఫోన్ చేస్తే వాళ్ళ లైన్‌మన్ వచ్చాడు. పాపం మంచి మనిషి, ఎండలో బండేసుకుని వచ్చాడు. బయటి నుంచి వచ్చే తీగను తన పరికరానికి తగిలించి చూసి, "మా లైన్ బాగానే ఉండాదక్కా, మీ ఇంట్లోనే ఏదో తిరకాసు ఉండాది" అని చెప్పి, మజ్జిగ తాగి వెళ్ళాడు. మా ఆయన మేడ మీది రౌటరే చెడిపోయిందని తేల్చి, నెల్లూరు వెళ్ళి కొత్తది తెచ్చాడు. పాతదానికి ఏ తీగ ఏ రంధ్రంలో ఉందో ఫోన్లో ఫొటో తీసుకుని, కొత్తదానికి అచ్చం అలాగే గుచ్చాడు. అంత శ్రద్ధగా పనిచేయడం నేను మళ్ళీ చూడలేదు. అదీ పనిచేయలేదు.

పక్కింట్లో నెట్ ఉంది కదా అంటారేమో. అక్కను అక్కడికీ తీసుకెళ్ళాను. వాళ్ళు ప్రేమగానే కూర్చోబెట్టారు, ఆ ప్రేమతోనే ఇంటిల్లిపాదీ వచ్చి వెనక నిలబడ్డారు. చేతులతో చెప్పే మాటకు చాటు ఉండదు. అక్క ఫోన్ తియ్యనే లేదు, చీర సర్దుకుని లేచి వచ్చేసింది. బజార్లో సిగ్నల్ బాగుంటుంది, వెళ్దాం పద అన్నాను. రోడ్డు మీద నిలబడి ఆ మాట చెప్పమంటావా అన్నట్టు నా వైపు చూసింది. మనమే దొరవారిసత్రం పోదామా అంటే, పిలవకుండా వాళ్ళ గడప తొక్కనంది.

శనివారం మధ్యాహ్నం వడ్రంగి అన్నగారి నుంచి నాకు ఫోన్ వచ్చింది. "ఏందమ్మా, మా వాడు అన్నం గూడా సరిగ్గా తినకుండా ఆ ఫోన్ పట్టుకోని కూర్చోనుండాడు. రేపు ఆ సంబంధమోళ్ళకు ఏదో ఒకటి చెప్పాల. మీ అక్క ఏమంటాదో నువ్వు చెప్పు, చాలు. నీ మాట, ఆమె మాట ఒకటే గదా."

సరే అనడానికి నోరు తెరిచాను. అంత తేలిక. ఆ ఒక్క మాట అనేస్తే మా అక్క జీవితం ఒడ్డున పడుతుంది, నెట్ లేకపోతే పీడా పోయింది అనుకున్నాను. అక్క గుమ్మంలో కూర్చుని చీరకు అంచు కుడుతోంది. ఆమెకు నా మాట వినపడకపోయినా నా మొహంలో రాబోయే మాట కనపడుతుంది. లేచి వచ్చింది, నా చేతిలో ఫోన్ తీసుకుంది, ఎర్ర గుర్తు నొక్కేసింది. తర్వాత చిన్నపిల్లకు చెప్పినట్టు నెమ్మదిగా నా నోరు చూపించి వద్దు అంది. తన రెండు చేతులూ ఎత్తి నా కళ్ళ ముందు పెట్టింది. నాకు చేతులున్నాయి కదా అని.

నాకు ఒళ్ళు మండిపోయింది. నీ కోసమే కదా నేనింత తాపత్రయపడుతున్నాను అని అరిచాను. వినపడదని తెలిసీ అక్క మీద అరవడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. అరిచాక ఏడుపొచ్చింది. ఆయన అన్నగారికి మళ్ళీ ఫోన్ చేసి, రేపు పొద్దుటి దాకా ఆగండన్నా, ఆమే చెబుతుంది అని బతిమాలుకున్నాను. సరేనమ్మా, పొద్దుటి దాకానే అన్నాడు. ఎలా చెబుతుందో మాత్రం నాకే తెలియదు.

అదే సమయానికి గుంటల మీద కరెంటు పోయింది. ఊరంతా ఉంది, మా గుంటల మెయిన్ స్విచ్చే పడిపోయింది. నీళ్ళను చిలికి రొయ్యలకు గాలి అందించే ఏరేటర్లు అన్నీ ఆగిపోయాయి. ఇలా జరిగితే మావాళ్ళకు ఒక పద్ధతి ఉంది. ముందు ఏరేటర్లన్నీ కట్టేస్తారు. మెయిన్ ఎత్తి, ఒక్కొక్కటే వేసుకుంటూ వస్తారు. దేన్ని వేయగానే మెయిన్ మళ్ళీ పడిపోతుందో దొంగ అదే. దాన్ని పక్కన పెట్టి మిగతావాటిని తిప్పుకుంటారు. మా ఆయన గట్టు మీద అదే పని చేస్తున్నాడు. నేను వెనక వాకిట్లో నిలబడి కళ్ళు తుడుచుకుంటూ చూస్తున్నాను. మూలనున్న మోటారు వేయగానే మెయిన్ టప్పున పడింది. దొరికిందని ఆయన చెయ్యెత్తాడు.

"ఏమయ్యా," అని గట్టు దాకా వినపడేలా కేకేశాను, "గుంట కాడ చేసే పని ఇంట్లో చెయ్యగూడదా?"

ఆయన కాళ్ళు కూడా కడుక్కోకుండా వచ్చాడు. హాల్లో రౌటర్‌కు ఉన్న తీగలన్నీ పీకేశాం. బయటి నుంచి వచ్చే తీగ ఒక్కటి దానికి పెట్టాం. అక్క చేతిలో ఫోన్ పెట్టి వంటల వీడియో ఏదో వేశాం. గలగలా నడిచింది. పొడుగు తీగతో మేడ మీద రౌటర్‌ను కలిపాం. అక్క పైకి వెళ్ళి మెట్ల మీద నుంచి బొటనవేలు చూపించింది, అక్కడా నడుస్తోంది. హాల్లో ఇంకో తీగ కొస మిగిలింది. అది ఇంతకు ముందు ఉన్న రంధ్రంలో ఆయన దాన్ని గుచ్చాడో లేదో, డబ్బా మీది దీపాలన్నీ వెర్రెత్తినట్టు కొట్టుకున్నాయి. పైన అక్క చెయ్యి అడ్డంగా ఊపింది, పోయింది. తీగ పీకితే వచ్చింది. గుచ్చితే పోయింది.

"ఇదెక్కడికి పోతాండాదబ్బా?" అని ఆయన ఆ తీగను చేత్తో తడుముకుంటూ బయలుదేరాడు. వెంటిలేటర్ ఎక్కింది, మేడ మీదికి వెళ్ళింది, కర్టెన్ వెనక దూరింది, కొత్త రౌటర్ రంధ్రంలో తేలింది. ఆయన పనికొస్తుందని వదిలేసిన పాత పొట్టి తీగే అది. రెండు డబ్బాల మధ్యా రెండు తీగలు. ఒకటి పంపిన మాట రెండో తీగలోంచి తిరిగి దానికే వస్తుంది, దాన్ని అది మళ్ళీ పంపుతుంది. ఇద్దరు అమ్మలక్కలు ఒకరి మాట ఒకరికే తిప్పి తిప్పి చెప్పుకుంటుంటే మూడో మనిషి మాటకు సందెక్కడ? మా ఇంట్లో నెట్‌కు పట్టిన గతి అదే.

బల్ల జరిపాక కొస అందక కర్టెన్ వెనక వేలాడిన ఆ తీగను గుచ్చిందెవరు? మా ఆయన నన్ను చూశాడు, నేను ఆయన్ను చూశాను. అక్క మాత్రం ఆ రంధ్రాన్నే చూస్తోంది. చేతులు మెల్లగా లేచాయి. కర్టెన్ ఉతకడానికి తీసినప్పుడు అది కనపడిందట. దారం కొస వేలాడుతుంటే ఆమె చెయ్యి ఊరుకోదు, అది దర్జీ చెయ్యి. డబ్బాను కొంచెం ఇవతలికి జరిపితే కొస అందింది, సరిగ్గా అంతే కొలతలో ఖాళీ రంధ్రం కనపడింది, నెట్టింది. లోపల పట్టుకున్నట్టు వేలికి తగిలిందట, సరిగ్గా కూర్చుందని సంబరపడిందట. ఆ సాయంత్రం కాల్‌లో వడ్రంగికి గది చూపించాలని, అందుకు గది అందంగా ఉండాలని అంతా సర్దింది. ఆ సర్దుడే ఆమె మాటకు అడ్డం పడింది. చెబుతూ చెబుతూ కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

నేను ఆమె చేతులు రెండూ పట్టుకున్నాను. మా ఆయన గుండె మీద చెయ్యేసుకుని, తప్పు నాది, ఆ రోజే తియ్యాల్సింది అని తలమీద మొట్టికాయ వేసుకుని చూపించాడు. అక్క ఏడుపులోనే నవ్వింది. ఆయన ఆ పాత తీగను పూర్తిగా లాగి, చుట్టగా చుట్టి, పారేస్తాడనుకుంటే, షెడ్డులో పెట్టి వచ్చాడు.

సాయంత్రం అక్క కాల్ చేసింది. తెర మీద ఆయన మొహం కనపడే దాకా నన్ను పక్కన ఉండనిచ్చింది. గడ్డం గీసుకోలేదు, కళ్ళు లోతుకు పోయాయి. అక్క నా వైపు తిరిగి, తలుపు చూపించింది. నేను బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాను. లోపల ఏ చప్పుడూ లేదు. గుంటల మీద ఏరేటర్ల హోరు వినపడుతోంది. ఎంతో సేపటికి అక్క నవ్వు వినపడింది. ఆమె నవ్వు చాలా పెద్దది, ఎంత పెద్దదో ఆమెకు తెలియదు.

తలుపు తెరవగానే సరే అన్నావా అని అడిగాను. తల అడ్డంగా ఊపింది. దక్షిణాన దొరవారిసత్రం ఉన్న వైపు చూపించి, అక్కడికి నేను రానని చెప్పాను అంది. నేను మొహం తిప్పుకోబోతే గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంది, మాట పూర్తి కాలేదని. నా మిషను ఇక్కడుంది. నా దగ్గరికి వచ్చేవాళ్ళు ఇక్కడున్నారు. నా చెల్లెలు ఇక్కడుంది. నీ చిత్రిక, నీ రంపం తీసుకుని నువ్వే రా, ఇదిగో మన గది, అని ఫోన్ పట్టుకుని మూలమూలా చూపించిందట. ఆయనేమన్నాడని అడిగాను. చెక్కలు ఎక్కడ పెట్టుకోవాలి అని అడిగాడట.

మధ్యాహ్నం ఫోన్లో నేను చెప్పబోయిన సరే వేరు. దాంతో అక్క సామాను సర్ది, బండెక్కించి, పంపించేసి, మంచిపని చేశాననుకుని హాయిగా నిద్రపోయేదాన్ని. ఆయన్ను ఇక్కడికి రమ్మని అడగొచ్చన్న ఊహ నా బుర్రలోకి వచ్చేదే కాదు. ఫోన్ లాక్కున్న అక్కకు, ఎండలో వచ్చిన లైన్‌మన్‌కు, బురద కాళ్ళతో పరిగెత్తుకొచ్చిన మా ఆయనకు, సమయానికి చెడిపోయిన ఆ మూల మోటారుకు, అందరికీ మనసులోనే మొక్కుకున్నాను.

అంతలో నా ఫోన్ మోగింది. ఆయన అన్నగారు. గొంతు గరగరలాడుతోంది. "ఏందమ్మా ఇది? మా వాడు మీ ఇంటికొచ్చేస్తానని పనిముట్ల పెట్టె సర్దతా ఉండాడు. ఇల్లరికం పంపిస్తామని మేం ఎప్పుడన్నా చెప్పినామా? నువ్వన్నా మీ అక్కకు చెప్పు."

అక్క ఎదురుగా నిలబడి నన్నే చూస్తోంది.

"నేను చెప్పేది ఏం లేదన్నా," అన్నాను. "ఆమెనే అడుగు."

"ఆమెను నేనెట్టా అడిగేదమ్మా?"

"వీడియో కాల్ చెయ్యన్నా. మీ తమ్ముడి చేతులు నీకు అర్థమైతాయి గదా, ఆమె చేతులూ ఇప్పుడు ఆ మాటలే చెబుతాయి. మా ఇంట్లో నెట్ బాగుండాది."

అన్నగారు ఫోన్ పెట్టేశాడు. అక్క చేతిలో ఫోన్ వెలిగింది. ఆమె జుట్టు సవరించుకుని కిటికీ పక్కన కూర్చుంది. నేను మెట్లు దిగి వంటింట్లోకి వెళ్ళిపోయాను.